యాభై ఆరు ఆర్చీలు

గత ఏడాది నవంబరులో మా చంటి స్కూలు డైరీలో ఎర్ర సిరాతో ఒక మాట వచ్చింది. "చేతిరాత బాగా వెనుకబడి ఉంది. ఇంట్లో రోజుకు రెండు పేజీలు రాయించగలరు." వాడికి అప్పటికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ఆ వయసులో వెనుకబడడానికి అసలు చేతిరాత అనేది ఉంటుందా అని మా వారు నవ్వి వదిలేశారు. నేను వదల్లేదు. జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే ఉద్యోగం నాది. ఎర్ర సిరా కనిపిస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

వారం రోజులు రాయించాను. వాడు పెన్సిలును పచ్చడిబండ పట్టుకున్నట్టు పిడికిలి బిగించి పట్టుకునేవాడు. మూడో వరుసకు పెన్సిలు ముక్కు విరిగేది, ఐదో వరుసకు కాగితం చిరిగేది, పేజీ పూర్తయ్యేసరికి ఇద్దరిలో ఎవరో ఒకరం ఏడ్చేవాళ్లం. ఎక్కువసార్లు వాడే, రెండుసార్లు మాత్రం నేను.

మా పిన్ని కూతురి స్నేహితురాలు కాకినాడలో ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదిచ్చే నిపుణురాలు. ఒక శనివారం రాజమండ్రి నుంచి చంటిని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరకు వెళ్లాను. వాడు రాసిన పుస్తకాలన్నీ సంచిలో పెట్టుకుని వెళితే ఆవిడ వాటిని ముట్టుకోనైనా లేదు. "అన్నం ఎవరు కలుపుతారు?" అని అడిగారు. నేనే అన్నాను. "చొక్కా బొత్తాలు?" నేనే. "అరటిపండు తొక్క?" వాళ్ల నాయనమ్మ. "టిఫిన్ డబ్బా మూత?" స్కూల్లో ఆయా తీస్తుంది. "మరి వాడి వేళ్లు రోజంతా ఏం చేస్తున్నాయి?" ఫోను అద్దం మీద పైకీ కిందికీ జరుగుతున్నాయి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆవిడ చెప్పిన వాటిలో ఒకటి నా బుర్రలో ఉండిపోయింది. పుట్టినప్పుడు మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలూ ఇంకా ఎముకలు కావట, మెత్తటి మృదులాస్థి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. చివరిది గట్టిపడేసరికి సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వయసు వస్తుంది. మూడు వేళ్లతో పెన్సిలు పట్టడం చాలామందికి నాలుగు, ఆరేళ్ల మధ్య కుదురుతుంది. ఇల్లు పూర్తి కాకముందే గృహప్రవేశం పెట్టుకున్నట్టు, వేళ్లలో బలం రాకముందే నేను రెండు పేజీలు రాయిస్తున్నానన్నమాట. "రాత తగ్గించండి, వేళ్లకు పని పెంచండి. ఏమీ కొనకండి, మీ వంటింట్లో ఉన్నవి చాలు" అన్నారావిడ. అప్పటికే ఫోనులో 1,400 రూపాయల ఆటవస్తువుల పెట్టె ఒకటి ఎంచి పెట్టుకున్నాను. తిరుగు బస్సులో దాన్ని తీసేశాను.

ఇంటికి వచ్చి నేను చేసిన మొదటి పని, ఒక పట్టిక గీయడం. సోమవారం పప్పులు వేరుచేయుట, మంగళవారం వెల్లుల్లి ఒలుచుట, బుధవారం పిండిముద్ద, గురువారం బెండకాయ ముద్రలు. పక్కన నిమిషాల గడి, ఆ పక్కన టిక్కు పెట్టే గడి. ఫ్రిజ్ తలుపుకు అంటించాను. సోమవారం కందిపప్పు, పెసరపప్పు, మినుములు కలిపి పళ్లెంలో పోసి ముందు పెడితే చంటి ఇరవై గింజలు ఏరాడు, ఆవలించాడు. బుధవారం పిండితో పాము చేశాడు, దాన్ని పిల్లి మీదికి విసిరాడు. గురువారం పట్టిక దగ్గరికి వెళ్లి నిలబడి, "అమ్మా, ఇది కూడా హోంవర్కేనా?" అని అడిగాడు. కాదు నాన్నా, ఆట అన్నాను. "ఆటకు టిక్కు ఎందుకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేక వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టాను.

అత్తయ్య అభ్యంతరం వేరే. "తినే గింజలతో ఆటలేమిటమ్మాయ్?" అన్నారు. ఆవిడ చిన్నతనంలో రేషను బియ్యానికి వరుసలో నిలబడిన మనిషి. పళ్లెంలో మిగిలిన ఆఖరి మెతుకు కూడా వేలితో తీసి తింటారు. ఆవిడ ముందు కిలో బియ్యానికి రంగులద్ది ఎండబెట్టడం నాకే సిగ్గనిపించింది. ఇంటర్నెట్టులో ఈ విషయం రాసేవాళ్లంతా గిన్నెల కొద్దీ బియ్యం, మకరోనీ పోసి ఫోటోలు తీస్తారు. నాకవి చూస్తే కడుపులో కలుక్కుమంటుంది. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పురుగు పట్టిన పప్పులు, గడువు దాటిన మైదా, బీట్‌రూట్ తొక్కలు, ముదిరిపోయిన బెండకాయలు, చింతగింజలు మాత్రమే చంటివి. మంచి సరుకు ముట్టుకోకూడదు. ముగ్గు వేసిన బియ్యప్పిండికి మాత్రం మినహాయింపు, అది చీమల వాటా కాబట్టి.

ఆ మినహాయింపే మాకు మొదటి దారి చూపించింది. ధనుర్మాసం మొదలైంది. అత్తయ్య తెల్లవారకుండానే లేచి వాకిట్లో ముగ్గు వేస్తారు. చంటికి ఒకరోజు ముందుగా మెలకువ వచ్చి ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. పిండి డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి ధారగా పోశాడు. వాకిట్లో తెల్లటి దిబ్బ. ఆవిడ తిట్టలేదు. వాడి చూపుడువేలు, మధ్యవేలు, బొటనవేలు కలిపి చిటికెడు పిండి తీయించారు. "పట్టుకోవడం అందరికీ వచ్చురా. వదలడం నేర్చుకో. కొంచెం కొంచెంగా వదులు" అన్నారు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ మూడు వేళ్లే పెన్సిలు పట్టే మూడు వేళ్లు. అవి బిగించడమే వాడికి తెలుసు. బిగించి, అందులో కొంచెం సడలించడం ఇంకా రాలేదు. అందుకే పెన్సిలు ముక్కు విరుగుతోంది.

మెత్తటి బియ్యప్పిండి వేళ్లకు అంటుకుని ముద్దలుగా పడేది. సన్నటి బియ్యపు రవ్వ కొంచెం కలిపితే చక్కగా జారుతుందని రెండో రోజు అత్తయ్యే కనిపెట్టారు. నెల తిరిగేసరికి వాడి గీతలు గీతల్లా కనిపించాయి. చుక్కలు మాత్రం ఎప్పుడూ సరిగ్గా పడవు, నాలుగు పెట్టమంటే ఏడు పెడతాడు. ఎదురింటావిడ ఒకరోజు, "మగపిల్లవాడికి ముగ్గులు నేర్పిస్తున్నారేమిటండీ" అన్నారు. అత్తయ్య తల ఎత్తకుండానే, "మిఠాయి కొట్టులో జిలేబీ చుట్టేవాడు మగవాడే కదమ్మా" అన్నారు. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది.

ఇది రాస్తే కొందరు "మన పెద్దలు అన్నీ తెలిసే పెట్టారు" అని వాట్సాప్‌లో పంపిస్తారని నాకు తెలుసు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. చేతికండరాల శాస్త్రం ఆలోచించి ఎవరూ ముగ్గు కనిపెట్టలేదు. వాకిలి అందంగా ఉండాలని వేశారు. వేళ్లకు మేలు జరిగింది, అది వేరే సంగతి. అక్షరాభ్యాసం కూడా అంతే. బాసరలో చంటికి చేయించినప్పుడు వాళ్ల నాన్న వాడి వేలు పట్టుకుని బియ్యంలో ఓం రాయించారు. వాడు ఏడుస్తూ రెండో చేత్తో ఆ బియ్యాన్ని నోట్లో వేసుకున్నాడు. అదీ వాడి మొదటి చేతిరాత.

అసలు కథ సంక్రాంతికి ముందు జంతికలు వండిన రోజు మొదలైంది. జంతికల గొట్టం తిప్పడానికి వాడికి బలం చాలలేదు. గొట్టం నేను పట్టుకుంటే రెండు చేతులతో పిడి తిప్పాడు. బొమ్మలకు నూనె మూకుడు పక్కన చోటు లేదు కాబట్టి, వాడికి వేరే పీట వేసి కొంచెం పిండి ఇచ్చాం. పిండి తాళ్లు పడుతున్నాయి. ఒక తాడు వంగి పీట మీద విల్లులా పడింది. చంటి దాన్ని చూసి గట్టిగా అరిచాడు. "నాయనమ్మా, ఆర్చి బ్రిడ్జి!"

రాజమండ్రిలో పెరిగే పిల్లలకు గోదావరి వంతెనలు ఇంట్లో మనుషులతో సమానం. చంటికి మూడు రైలు వంతెనలూ తెలుసు. 1900లో రైళ్లు మొదలై 1997లో మానేసిన పాత హేవలాక్ వంతెన వాడికి "తాతయ్య బ్రిడ్జి". 1974 నాటి రోడ్డు, రైలు వంతెన "రెండంతస్తుల బ్రిడ్జి". మూడోది, హేవలాక్ బదులు కట్టినది, కొవ్వూరు దాకా కాంక్రీటు విల్లులు వరుసగా నిలబెట్టినట్టు ఉండేది, అదే వాడి ప్రాణం. నిడదవోలు వెళ్లినప్పుడల్లా కిటికీ ఊచలు పట్టుకుని ఒక్కొక్క ఆర్చీ లెక్క పెడతాడు, పదహారు తర్వాత ఎప్పుడూ తప్పుతాడు. మొత్తం ఇరవై ఎనిమిదని వాళ్ల నాన్న చెప్పారు. ఒక్కొక్కటీ దాదాపు 97 మీటర్లు.

జంతికల పిండి ఎండితే పొడిపొడిగా విరిగిపోతుంది. అందుకని ఉప్పు పిండి కలిపాను. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు మెత్తటి ఉప్పు, గ్లాసుకు కొంచెం తక్కువ నీళ్లు, ఒక చెంచా నూనె. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. నీళ్లు ఒక్కసారిగా పోయకూడదు. పిసకడం కూడా చంటి పనే, నేను చెయ్యి పెట్టలేదు. ఒకసారి నాకి చూసి ఉమ్మేశాడు, మళ్లీ ముట్టుకోలేదు. ఇష్టంగా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే మాత్రం ఈ పిండి వద్దు. అందులో ఉండేది చిటికెడు ఉప్పు కాదు, ముద్దలు మింగితే ప్రమాదమే.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను పొడుగ్గా కోసి వరండాలో పరిచాం, దాదాపు ఐదడుగులు. చంటి పిండిని పీట మీద రెండు అరచేతులతో దొర్లించి తాడు చేసేవాడు. ఒక చోట లావు, ఒక చోట సన్నం అయితే వంచినప్పుడు సన్నంగా ఉన్నచోట తెగేది. ఎవరూ చెప్పకుండానే వేళ్లు తాడు పొడుగునా జరుపుతూ లావు ఎక్కడుందో తడిమి చూసుకోవడం మొదలుపెట్టాడు. వంచి, బల్లపరుపుగా పడుకోబెట్టి, నీడలో మూడు రోజులు ఆరబెట్టేవాళ్లం. ఎండలో పెడితే పగుళ్లు వచ్చాయి. ఆరిన వాటిని పచ్చి పిండి పట్టీలో గుచ్చి నిలబెట్టాలి. అసలు వంతెనలో ఆర్చీ నుంచి కిందికి కడ్డీలు దిగుతాయి కదా, వాటికి చీపురు పుల్లలు. పిండి పచ్చిగా ఉండగానే ఒక్కో ఆర్చీకి మూడు పుల్లలు గుచ్చాలని మేస్త్రీ గారి ఆజ్ఞ.

ఇరవై ఎనిమిది పూర్తయ్యేసరికి జనవరి నెలాఖరు వచ్చింది. నేను ఫోటో తీసి అక్కకు పంపిస్తుంటే చంటి వంతెన పక్కన బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, రైలు కిటికీలోంచి చూస్తున్నట్టు చూస్తున్నాడు. చాలాసేపు చూశాక లేచాడు. "అమ్మా, రెండో వైపు లేదు." నాకు అర్థం కాలేదు. "రైల్లో ఇటు కిటికీలోనూ ఆర్చీ కనిపిస్తుంది, అటు కిటికీలోనూ కనిపిస్తుంది. రైలు మధ్యలో వెళుతుంది." నిజమే. ఆ వంతెనకు పట్టాలకు రెండు పక్కలా ఆర్చీలు ఉంటాయి. ఇన్నేళ్లుగా దాని మీద తిరుగుతున్నాను, నాకు ఎప్పుడూ తట్టలేదు. ఇరవై ఎనిమిది కాదు, యాభై ఆరు కావాలి.

లెక్కలు నా వృత్తిరోగం కాబట్టి ఆ రాత్రి వేసుకున్నాను. యాభై ఆరు తాళ్లు, నూట అరవై ఎనిమిది చీపురు పుల్లలు. విరిగిపోయి మళ్లీ చేసినవి కాకుండా. నా పట్టికలో రోజుకు పది గింజలు చిటికెతో తీయించడానికి నేను బతిమాలిన పిల్లవాడు, పుల్లలు సమానంగా లేవని నా చేతిలోంచి లాక్కుని తనే తుంచుకుంటున్నాడు. పట్టిక ఎప్పుడు చింపేశానో నాకు గుర్తులేదు. దాని అయస్కాంతం బిళ్ల మాత్రం రైలింజను మీద ఉంది.

రంగుల సంగతి చెప్పాలి. బీట్‌రూట్ తొక్కలు ఉడికించిన నీళ్లు మొదటి రోజు మహా అందంగా ఉంటాయి, వారానికి మట్టిరంగుకు తిరుగుతాయి. పాలకూర పచ్చ ఇంకా త్వరగా వెలిసిపోతుంది. కాఫీ డికాక్షను నమ్మకమైనది. కానీ వీటన్నిటికంటే పసుపే మాకు నిజమైన వినోదం. చొక్కా మీద పప్పు మరక పడితే సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది కదా, అదే కిటుకు. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం సబ్బు లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపు అవుతుంది. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు పూసి ఆరబెట్టాను. వంటసోడా కలిపిన నీళ్లు ఒక గిన్నెలో, నిమ్మరసం మరో గిన్నెలో. చెవిపుల్ల దూది సోడా నీళ్లలో ముంచి గీస్తే, రంగు లేని నీళ్లు కాగితం మీద నారింజ ఎరుపు గీతలవుతాయి. చంటి మొదటిసారి చూసి తన వేలు వాసన చూసుకున్నాడు. అత్తయ్య తాంబూలం సున్నమైతే పారాణి అంత ఎరుపు వస్తుంది. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, అందుకని ఆ డబ్బా అటక మీదికి పోయింది.

ఆ కాగితాలే వంతెన కింద గోదావరి అయ్యాయి. చంటిపిల్లల మందు సీసాతో వచ్చే డ్రాపరు ఒకటి కడిగి ఇచ్చాను. రెండు వేళ్లతో రబ్బరు నొక్కి, నీళ్లు పీల్చి, ఒక్కొక్క చుక్కే వదలాలి. అదే ముగ్గు పాఠం మళ్లీ. "ఎర్రనీరు వస్తోంది, ఎర్రనీరు వస్తోంది" అంటూ భద్రాచలం వైపు నుంచి చుక్కలు వేసుకుంటూ వచ్చేవాడు. నిమ్మరసం వేస్తే వరద తగ్గినట్టు.

కూరగాయల ముద్రల గురించి ఎక్కువ చెప్పను. అడ్డంగా కోసిన బెండకాయ పువ్వులా పడుతుంది, ఫోటోకు బాగుంటుంది. కానీ పిల్లవాడు దాన్ని పిడికిలితో పట్టుకుని కాగితం మీద పొడుస్తాడు, అంతే. వేళ్లకు అందులో పనేమీ లేదు. మరీ చిన్నపిల్లలకు మాత్రం మంచిది.

మార్చిలో ఏడాదికి సరిపడా చింతపండు గింజ తీసి దంచుకున్నాం. చంటి కూడా కూర్చున్నాడు, చేతులు జిగురయ్యాయని ప్రతి పది నిమిషాలకూ కడుక్కుంటూ. రెండు కిలోల దాకా గింజలు పోగయ్యాయి. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి కర్ర ముక్కలను అతికేది చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతోనే అని ఎప్పుడో విన్నది గుర్తొచ్చింది. గింజలు వేయించి, నానబెట్టి, పొట్టు వలిచి మిక్సీలో వేశాను. మిక్సీ మూలిగింది. జారులో బ్లేడు వదులైంది. వచ్చిన ముద్ద కొండపల్లి మక్కు కాదు సరికదా, దేనికీ అంటుకోలేదు, చంటి జుట్టుకు తప్ప. ఆ జారు మరమ్మతు ఖర్చు 350 రూపాయలు ఏ పద్దు కింద రాయాలో ఇప్పటికీ తెలియదు. మిగిలిన గింజలు వంతెన మీద వెళ్లే గూడ్సు బండిలో బొగ్గుగా సర్దుకున్నాయి.

ఇక చెప్పడానికి ఇష్టం లేనిది. మేలో మా ఆడపడుచు హైదరాబాదు నుంచి వచ్చింది. ఆమె కూతురికి రెండున్నరేళ్లు. అప్పుడు మేం మైదా ఉడికించిన జిగురుతో అట్ట మీద పప్పులు అతికించి గూడ్సు పెట్టెలు చేస్తున్నాం. పోస్టర్లు అతికించేవాళ్లు ఆ జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు, అది విషం కాబట్టి నేను కలపలేదు. అంత జాగ్రత్తపరురాలినని నా మీద నాకే మెచ్చుకోలు. పాప పక్కనే కూర్చుని గింజలు అందిస్తోంది. సాయంత్రానికి ముక్కు నలుపుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. టార్చి వేసి చూస్తే లోపల ఒక శనగగింజ. నేను తలపిన్ను తీసుకుని బయలుదేరాను, మా వారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. అది ఆయన ఆ ఏడాది చేసిన మంచి పనుల్లో మొదటిది. ఆసుపత్రిలో డాక్టరు చిన్న కొక్కెంతో రెండు నిమిషాల్లో తీశారు. గింజ తడి పీల్చుకుని ఉబ్బుతుందట, ఇంట్లో తీయబోతే ఇంకా లోపలికి పోతుందట, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికే వస్తుందట. ఆడపడుచు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి మూడేళ్లలోపు పిల్లలు ఇంట్లో ఉంటే గింజల డబ్బాలు కనిపించవు. వాళ్లకు గోధుమపిండి ముద్ద, బెండకాయ, పసుపు నీళ్లు. చంటి చేసేటప్పుడు కూడా ఎవరో ఒకరం పక్కన ఉంటాం, ఫోను పక్కన పెట్టి.

మీరు అడగబోయేది నాకు తెలుసు, ఇంతా చేస్తే రాత బాగుపడిందా అని. జూన్‌లో యూకేజీ మొదలైంది. పెన్సిలు ఇప్పుడు మూడు వేళ్లతో పడుతున్నాడు, అలసిపోతే మళ్లీ పిడికిలి. చొక్కా ఆరు బొత్తాల్లో నాలుగు తనే పెట్టుకుంటాడు, పై రెండూ కనిపించవు కాబట్టి నావి. టిఫిన్ డబ్బా మూత తీస్తాడు. పప్పన్నం కలుపుకుంటాడు, మోచేతి దాకా. అక్షరాలు ఇంకా గీత దాటి పోతున్నాయి. ఇంగ్లీషు నిలువు గీతలు, అడ్డ గీతలు వాడికి విసుగు. తెలుగు అక్షరాలు నచ్చాయి, అన్నీ వంపులే కాబట్టి. తలకట్టు మాత్రం అన్ని అక్షరాలకూ పెడతాడు, అవసరం లేని వాటికి కూడా. డైరీలో ఎర్ర సిరా ఇంకా అప్పుడప్పుడు వస్తోంది. నాకు నిద్ర పడుతోంది.

జులైలో వానలు పట్టుకున్నాయి. ఉప్పు పిండికి ఉన్న అసలు జబ్బు అప్పుడు తెలిసింది. గాలిలో తేమను ఉప్పు లాగేసుకుంటుంది. మొదట ఆర్చీలకు చెమట పట్టింది. తర్వాత మెత్తబడ్డాయి. వరండాలోంచి హాలులోకి మార్చాం, ఫ్యాను పెట్టాం, లాభం లేదు. ఒక ఆదివారం పొద్దున లేచి చూసేసరికి ఒక చివర పదకొండు ఆర్చీలు పడుకుని ఉన్నాయి. చంటి ఎంత ఏడుస్తాడో అని అట్టను బీరువా వెనక్కి జరపబోతున్నాను, అంతలోనే లేచి వచ్చాడు.

కాసేపు చూశాడు. వంగి, ఒక ఆర్చీని వేలితో నొక్కాడు, అది గుంట పడింది. "కొవ్వూరు వైపు పడిపోయింది" అన్నాడు. లోపలికి పరిగెత్తి, నిద్రపోతున్న వాళ్ల నాన్నను లేపి, "నాన్నా, రైళ్లన్నీ రాజమండ్రిలోనే ఆపెయ్. లేకపోతే రెండంతస్తుల బ్రిడ్జి మీద పంపించు" అని చెప్పి వచ్చాడు. ఎండలు వచ్చాక మళ్లీ కడదాంలేరా అని అత్తయ్య అన్నారు. "అప్పటిదాకా జనం ఎలా వెళతారు నాయనమ్మా?" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి స్టూలు లాక్కుని పురుగు పట్టిన మైదా డబ్బా దించమన్నాడు. ఒక గ్లాసు ఇచ్చాను. చాలదన్నాడు. ఉప్పు డబ్బా మూత తనే తిప్పి తీసి, గ్లాసు నిండా పోసి, పైన పొంగిన దాన్ని అచ్చం వాళ్ల నాయనమ్మలాగే చూపుడువేలి అంచుతో చదును చేశాడు. కొంచెం గట్టు మీద పడింది. చిటికెలతో ఎత్తి మళ్లీ డబ్బాలో వేస్తూ, "అమ్మా, నువ్వు నీళ్లు పొయ్యి. ఒక్కసారే పోసెయ్యకు" అన్నాడు.